మునిగిన ఊరి కోసం పాత మ్యాపులు: ఆరేళ్లు వాడాక

మా అమ్మ పుట్టిన ఊరు గూగుల్ మ్యాప్‌లో లేదు. ఆ చోట నీలం రంగు కనిపిస్తుంది, అంతే. కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డున ఉండే ఆ ఊరు 1981లో శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో కలిసిపోయింది. పేరు రాయడం లేదు. నష్టపరిహారం కేసు ఒకటి ఇంకా కోర్టులో నలుగుతోంది, రాయొద్దని మామ మరీ మరీ చెప్పాడు.

నిజానికి నేను వెతకడం మొదలుపెట్టింది ఆ ఊరి కోసం కూడా కాదు, అమ్మవాళ్ల నాయనమ్మ పుట్టిల్లు ఎక్కడో తెలుసుకుందామని. ఆమె గురించి ఇంట్లో అందరూ చెప్పేది ఒకటే మాట: "ఏటవతలి పిల్ల". పుట్టిలో, అంటే గుండ్రటి బుట్ట పడవలో, ఏరు దాటి కాపురానికి వచ్చిందట. అప్పట్లో ఈ ఒడ్డు నైజాం, ఆ ఒడ్డు ఇంగ్లీషోళ్ల కర్నూలు జిల్లా. ఆ ఊరి పేరు అడిగితే పెద్దమ్మ ఒకలా పలికేది, మామ ఇంకోలా పలికేవాడు. ఆ ఊరూ మునిగిందే. 2019 ఎండాకాలం నుంచి ఆన్‌లైన్‌లో దొరికే పాత మ్యాపులు తిరగేస్తూనే ఉన్నాను. ఏది పనికొచ్చింది, ఏది ఊరికే టైమ్ తినేసింది అన్నది నా అనుభవం మేరకు రాస్తున్నాను.

ఎవరిని అడిగినా మొదట చెప్పేది ఓల్డ్ మ్యాప్స్ ఆన్‌లైన్. 2012 నుంచి ఉన్న సైటు ఇది. ప్రపంచంలోని చాలా లైబ్రరీలు స్కాన్ చేసి పెట్టిన మ్యాపులను ఒకేచోట వెతికిపెడుతుంది. ఊరి దగ్గరికి జూమ్ చేసి, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకో పెడితే పక్కన జాబితా వస్తుంది. అక్కడి నుంచి ఆ మ్యాపు ఉన్న లైబ్రరీ సైటుకు వెళ్లొచ్చు. నేను మొదట్లో చేసిన తప్పు, మునిగిన ఊరి పేరు కొట్టి వెతకడం. ఏమీ రాదు. ఇప్పటికీ బతికున్న ఊరిని, అంటే కొల్లాపూర్‌నో నందికొట్కూరునో పట్టుకుని, అక్కడి నుంచి చేత్తో జరుపుకుంటూ ఏటి దాకా రావాలి. జాబితాలో సగానికి సగం మొత్తం ఇండియా మ్యాపులే వస్తాయి. జేమ్స్ రెన్నెల్ 1782లో వేసిన హిందుస్థాన్ మ్యాపు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఫ్రేము కట్టించుకోవచ్చు. మన ఊరు మాత్రం అందులో ఉండదు.

బొమ్మ నాణ్యత విషయంలో డేవిడ్ రమ్సే కలెక్షన్‌ను మించింది నాకు దొరకలేదు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ దగ్గర ఉంది ఇప్పుడు. కాగితం మడతలు, సిరా చుక్కలు కూడా కనిపించేంత జూమ్ అవుతుంది, పెద్ద సైజులో ఉచితంగా దింపుకోవచ్చు. పాత మ్యాపును ఇప్పటి మ్యాపు మీద పరిచి, మెల్లగా పారదర్శకంగా చేసి చూసే ఏర్పాటు కూడా ఉంది. లాక్‌డౌన్‌లో నా రాత్రులన్నీ దానికే పోయాయి. కాకపోతే వంశవృక్షం పనికి ఇవి ఆకలి తీర్చని మిఠాయిలే. ఆరోస్మిత్ అనే లండన్ మ్యాపుల తయారీదారు 1822లో దక్షిణ భారతానికి 18 షీట్ల అట్లాసు వేశాడు. దాని పేరులోనే 'కన్యాకుమారి నుంచి కృష్ణా నది దాకా' అని ఉంటుంది. అంటే సరిగ్గా మా రేవు దగ్గరికి వచ్చి ఆగిపోయాడన్నమాట! ఆ పేరు చదివి గట్టిగా నవ్వితే పక్కగదిలోంచి మా ఆవిడ తొంగిచూసింది.

స్పెల్లింగుల గొడవ వేరే. కృష్ణను 'కిస్ట్నా' అంటారు. కర్నూలు ఒకచోట 'కనౌల్'. మన 'ఊ' వచ్చిన చోటల్లా రెండు 'ఓ'లు, 'అ' వచ్చిన చోట 'యు'. నేను చివరికి చేసిన పని ఏమిటంటే, ఊరి పేరును నోటితో ఇంగ్లీషు దొరలా పలికి, చెవికి వినిపించినట్టు పదీ పన్నెండు రకాలుగా కాగితం మీద రాసుకోవడం. ఎనిమిదో రకం దగ్గర తగిలింది.

అసలు పని జరిగింది మాత్రం అమెరికా మిలిటరీ షీట్లతో. అమెరికా ఆర్మీ మ్యాప్ సర్వీసు 1950ల్లో ఇండియా, పాకిస్తాన్ మొత్తానికీ షీట్లు వేసింది. సిరీస్ పేరు యు502. టెక్సస్ యూనివర్సిటీ ఆస్టిన్ లైబ్రరీ వాళ్లు వీటిని స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. లాగిన్ లేదు, ఓటీపీ లేదు. స్కేలు 2,50,000కి ఒకటి, అంటే మ్యాపు మీద ఒక సెంటీమీటరు నేల మీద రెండున్నర కిలోమీటర్లు. ఇళ్లు కనిపించవు. చిన్న చిన్న పల్లెలు మాత్రం పేర్లతో సహా ఉంటాయి, వాగులుంటాయి, బండ్లబాటలుంటాయి. అన్నిటికంటే ముఖ్యం, డ్యామ్ కట్టకముందు వేసినవి. నీళ్ల కింద ఉన్న ఊళ్లన్నీ ఇందులో పొడినేల మీదే ఉన్నాయి.

మాకు తగిలిన చిక్కు ఒకటి చెప్పాలి. ఈ షీట్లు సరిగ్గా 16 డిగ్రీల అక్షాంశం దగ్గర తెగుతాయి. మన సర్వే ఆఫ్ ఇండియా నంబర్లలోనూ అంతే: ఆ గీతకు పైన 56 ఎల్, కింద 57 ఐ. మా కృష్ణ ఆ గీత చుట్టూనే మెలికలు తిరుగుతుంది. అమ్మ ఊరు ఒక షీటు అడుగున, ఏటవతలి ఊళ్లు ఇంకో షీటు నెత్తిన. మొదటి ఏడాదంతా పై షీటు ఒక్కటే చూసి, అవతలి ఒడ్డున ఊళ్లే లేవనుకున్నాను! మీ ఊరు షీటు అంచున ఉంటే పక్క షీట్లు కూడా దింపి అతికించుకోండి. నేను రెండూ ప్రింటు తీయించి, మైదా ఉడికించి జిగురు చేసి అతికించాను. కంప్యూటర్‌లో చేసినదాని కంటే అదే బాగా కుదిరింది.

అలా అతికించిన రోజునే ముడి విడిపోయింది. పెద్దమ్మ పలికే పేరు, మామ పలికే పేరు ఒకే ఊరివి కావు. అవతలి ఒడ్డున ఇంచుమించు ఒకే పేరుతో రెండు ఊళ్లు ఉన్నాయి, మధ్యలో ఒక వాగు. ఇద్దరూ యాభై ఏళ్లుగా వాదించుకుంటున్నది రెండు వేర్వేరు ఊళ్ల గురించి. అమ్మ ఊరి నుంచి చుక్కల గీతలా ఒక కాలిబాట ఏటి దాకా వస్తుంది. అవతలి ఒడ్డున అది మళ్లీ మొదలై ఆ రెండింట్లో ఒకదానికే పోతుంది. రేవు అక్కడన్నమాట. పుట్టి దిగితే నేరుగా వెళ్లేది ఆ ఊరికే. ఇది రుజువు కాదని తెలుసు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంకా వెనక్కి వెళ్దామని 'ఇండియన్ అట్లాస్' షీట్లు పట్టుకున్నాను. 1827లో మొదలైన సిరీస్ అది, అంగుళానికి నాలుగు మైళ్లు. చేత్తో చెక్కిన కొండలు, నీటుగా రాసిన పేర్లు. అందులో మా ఊరి అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టి గూగుల్ ఎర్త్‌లో పెడితే, ఊరు తూర్పుగా దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో పడింది. రెండు వారాలు నా లెక్కనే తిట్టుకున్నాను. తప్పు నాది కాదు. అప్పట్లో రేఖాంశాలన్నీ మద్రాసు అబ్జర్వేటరీ నుంచి లెక్కపెట్టేవారు, ఆ అబ్జర్వేటరీ రేఖాంశమే సుమారు రెండున్నర నిమిషాలు ఎక్కువగా తీసుకున్నారు. కాబట్టి పాత షీట్లలో అంకెల జోలికి పోకండి. ఎప్పటికీ కదలనివి, అంటే కొండ కొన, గుడి, ఏళ్ల సంగమం, నాలుగైదు చూసుకుని వాటితోనే ఇప్పటి మ్యాపుకు అతికించండి. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ పని చేయొచ్చు. నేర్చుకోవడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది.

డబ్బు పోగొట్టుకున్న సంగతి కూడా చెప్పేస్తాను. అరుదైన అంగుళానికి మైలు షీటు అని ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర 1,800 రూపాయలు పెట్టి కొన్నాను. గొట్టంలో చుట్టి పంపాడు. విప్పి చూస్తే అదే అమెరికా షీటు, పెద్దది చేసి, పసుపు రంగు పులిమి. అప్పటినుంచి కొనేముందు స్కేలు ఎంత, ఏ సంవత్సరం సర్వే అని రాసి అడుగుతున్నాను. జవాబు రాకపోతే కొనను. అసలైన అంగుళం షీటు తర్వాత ఒక విదేశీ లైబ్రరీ వాళ్లు స్కాన్ ఖర్చు తీసుకుని పంపారు. దాంట్లో నాకు నచ్చింది, అక్కడక్కడా అడుగుల్లో రాసిన ఎత్తులు. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఊరి పక్కన రాసిన అంకె అంతకంటే తక్కువైతే మునిగినట్టే. పెన్సిల్‌తో ఒక్కో ఊరికీ టిక్కు పెట్టుకుంటూ పోతే ఎంతసేపటికీ ఆగలేదు. కాసేపటికి పెన్సిల్ పక్కన పెట్టేశాను.

సర్వే ఆఫ్ ఇండియా తన పోర్టల్‌లో పెట్టిన 50,000 స్కేలు ఓపెన్ సిరీస్ మ్యాపులు నీళ్లొచ్చిన తర్వాతవి. మునిగిన ఊళ్లవాళ్లకు పెద్దగా అక్కరకు రావు. మిగతా ఊళ్లవాళ్లు మాత్రం అక్కడే మొదలుపెట్టాలి.

అసలు నిధి మ్యాపు కాదు, ఫోటో. అమెరికా వాళ్లు 1960 నుంచి 1972 దాకా కరోనా అనే గూఢచారి ఉపగ్రహాలతో తీసిన ఫోటోలను 1995లో బయటపెట్టారు. (రోగం పేరు కాదు, దీని గురించి 2020లో ఎవరికి చెప్పినా ఎగాదిగా చూశారు.) యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) వాళ్ల ఎర్త్ ఎక్స్‌ప్లోరర్ సైటులో అకౌంటు తెరిచి, మ్యాపు మీద పెట్టె గీసి వెతకాలి. ఇప్పటికే స్కాన్ అయినవి ఉచితం. కానివి ఫ్రేముకు 30 డాలర్లు కడితే స్కాన్ చేసి పెడతారు, ఆ తర్వాత అవి అందరికీ ఉచితమే. సైటు వాడటం మొదట్లో తల తినేస్తుంది. ఫోటో పొడవాటి రిబ్బన్‌లా ఉంటుంది, అంచుల దగ్గర సాగిపోతుంది. మేఘాలు లేని తేదీ చూసుకోవాలి. నేను ఎండాకాలం ఫ్రేము ఒకటి తీసుకున్నాను.

అది లాప్‌టాప్‌లో పెట్టి అమ్మను కూర్చోబెట్టాను. నలుపు తెలుపు, ఇసుక తెల్లగా మెరుస్తోంది, ఊరు ముదురు మరకలా ఉంది. అమ్మ చాలాసేపు చూసి, "నాకేం తెలుస్తలేదురా" అంది. ఇది ఏరు, ఇది బాట అని వేలుపెట్టి చూపించాను. ఊహూఁ. కాసేపయ్యాక తనే లాప్‌టాప్‌ను రెండు చేతులతో పట్టుకుని తలకిందులుగా తిప్పింది. "ఏరు ముందరుండాలె గద. మనింట్ల నిలబడితే ఏరు ముందరుంటది." ఒక్కసారిగా అన్నీ చెప్పడం మొదలుపెట్టింది: ఇది చింతతోపు, ఇది హనుమంతుని గుడి, ఈ సందు చివర మంగలివాళ్ల ఇల్లు, ఈ మలుపు దగ్గర మేం బిందెలు దించుకునేవాళ్లం. నేను రికార్డర్ ఆన్ చేయడం మర్చిపోయాను. ఉత్తరం పైనే ఉండాలని ఆరేళ్లూ ఆమె ముందు పెట్టిన ప్రతి మ్యాపూ ఆమెకు తలకిందులే. మీ ఇంట్లో పెద్దవాళ్లకు చూపించేటప్పుడు వాళ్లు ఎటు తిరిగి బతికారో అటు తిప్పి చూపించండి.

మ్యాపు చెప్పేది చోటు మాత్రమే, మనుషుల పేర్లు కాదు. ఊరి పేరు ఖాయం అయ్యాక 1961, 1971 జనాభా లెక్కల జిల్లా హ్యాండ్‌బుక్కులు చూడాలి, సెన్సస్ వాళ్ల సైటులో స్కాన్లు ఉన్నాయి. మునిగిన ఊళ్లు అందులో తాలూకాల వారీగా, ఎన్ని ఇళ్లు, ఎంతమంది జనం అన్న లెక్కలతో సహా ఉంటాయి. ఆ తర్వాత రెవెన్యూ రికార్డులే. నైజాం వైపు సేత్వార్ (సర్వే నంబర్ల వారీగా రాసిన తొలి భూమి రిజిస్టర్), 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరి చేతిలో ఉందో రాసిన లెక్క). సేత్వార్ ఉర్దూలో ఉంటుంది, చదివిపెట్టే పెద్దమనిషిని ముందే చూసుకోండి. కర్నూలు వైపు డైగ్లాట్ రిజిస్టర్, అంటే రెండు భాషల్లో రాసిన భూమి రిజిస్టర్.

ముత్తవ్వ ఇంటిపేరు ఆ డైగ్లాట్‌లో పట్టాదారుల కింద కనిపిస్తుందేమోనని మొన్న నకలు కోసం ఒక ఆఫీసుకు వెళ్లాను. గుమస్తా మర్యాదగానే కూర్చోబెట్టి ఫారం నింపడం మొదలుపెట్టాడు. జిల్లా రాశాడు, ఊరు రాశాడు. "మండలం ఏది సార్?" అన్నాడు. మండలాలు వచ్చింది 1985లో. ఊరు మునిగింది 1981లో. ఆ ఊరికి తాలూకా తప్ప మండలం ఎప్పుడూ లేదని చెప్పాను. ఆ గడి ఖాళీగా ఉంటే అర్జీ ముందుకు పోదన్నాడు. సంచిలోంచి మైదా జిగురుతో అతికించిన షీట్లు తీసి టేబుల్ మీద పరిచాను. అతను కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు. కాసేపటికి ఏటి మీద వేలు పెట్టి, "మా అమ్మమ్మవాళ్లది కూడా ఇక్కడే ఎక్కడో ఉండాలి సార్" అని తన ఊరి పేరు చెప్పాడు. ఇద్దరం కలిసి వెతకడం మొదలుపెట్టాం.