డైటింగా, సర్జరీనా: మెటబాలిజం దేనికి ఎలా స్పందిస్తుంది?

విశాఖ ఆర్కే బీచ్‌లో పొద్దున్నే నడిచేవాళ్ల మధ్య తరచూ వినిపించే ప్రశ్న ఇది: బరువు తగ్గడానికి డైటింగా, పొట్టకు సర్జరీనా, మెటబాలిజం (ఒళ్లు శక్తిని ఖర్చు చేసే తీరు) దేనికి ఎలా స్పందిస్తుంది? బరువు ఎలా తగ్గినా ఒంటికి కావాల్సిన కేలరీలు తగ్గుతాయి. పెద్ద తేడా ఆకలి దగ్గర వస్తుంది.

ఆకలి: డైటింగ్‌తో తగ్గితే ఆకలి పెంచే గ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. ఏడాది తర్వాత కూడా అది పాత స్థాయికి రాలేదని 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. అందుకే మళ్లీ లావైనవాళ్లని "నోరు కట్టుకోలేదు" అనడం అన్యాయం. స్లీవ్ సర్జరీలో (పొట్టను సన్నని గొట్టంలా చేసేది) గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే భాగాన్నే తీసేస్తారు. గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టను చిన్నది చేసి పేగుకి కలిపే సర్జరీ, గుండె బైపాస్ కాదు) తర్వాతైతే, తినగానే కడుపు నిండిందని చెప్పే జీఎల్‌పీ-1 హార్మోన్ బాగా పెరుగుతుంది.

ఖర్చయ్యే శక్తి: అమెరికాలో ఒక టీవీ పోటీలో బరువు తగ్గినవాళ్లు ఆరేళ్ల తర్వాత కూడా విశ్రాంతిలో రోజుకు అంచనా కన్నా సుమారు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నారు. బైపాస్ చేయించుకున్నవాళ్లలో ఇలాంటి తగ్గుదల 6 నెలలకు కనిపించినా, ఏడాదికి దాదాపు పోయింది. రెండూ చిన్న అధ్యయనాలే.

డబ్బు: డైటింగ్‌కి తక్కువ, సర్జరీకి లక్షల్లో.

రిస్క్: డైటింగ్‌కి బరువు తిరిగి రావడం. సర్జరీకి కుట్ల దగ్గర లీకేజీ, రక్తస్రావం, జీవితాంతం విటమిన్ మాత్రలు. స్లీవ్‌తో ఎసిడిటీ ముదరొచ్చు.

శ్రమ: రెండింటికీ ఉంది. కండ కరిగితే మెటబాలిజం ఇంకా పడిపోతుంది కాబట్టి ప్రొటీన్ కోసం చేపలు, గుడ్లు, పప్పు, బరువులెత్తే వ్యాయామం తప్పవు.

కొద్ది కిలోలే ఎక్కువైతే డైటింగ్ చాలు. బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందో చెప్పే లెక్క) 35 దాటినా, షుగర్ ఉండి 30 దాటినా సర్జరీ గురించి డాక్టర్‌ని అడగండి. తీవ్రమైన ఎసిడిటీ ఉంటే స్లీవ్ కన్నా బైపాస్ నయం.