వోల్ఫ్స్‌బుర్గ్: ఫోక్స్‌వాగన్ ఊళ్లో ఏం చూడాలి, ఎక్కడ ఉండాలి

బెర్లిన్‌లో ఐసీఈ అనే హైస్పీడ్ రైలెక్కితే గంటలో వోల్ఫ్స్‌బుర్గ్. స్టేషన్ దాటగానే కాలువ, దాని అవతల ఫోక్స్‌వాగన్ పవర్ ప్లాంట్ నాలుగు పొగగొట్టాలు. హానోవర్ నుంచి వచ్చేవాళ్లకు రీజినల్ రైలు కూడా ఉంది. అందులో డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా లోకల్, రీజినల్ రైళ్లకు పనికొచ్చే నెల పాస్) చెల్లుతుంది, ఐసీఈలో చెల్లదు.

కియా వచ్చేనాటికే పెనుకొండకు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఇక్కడ అలా కాదు. 1938లో నాజీ ప్రభుత్వం కార్ల ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసి, పనివాళ్ల కోసం పక్కనే ఊరు కట్టడం మొదలుపెట్టింది. దగ్గర్లోని పాత కోట పేరును ఊరికి పెట్టింది 1945లో.

చాలామంది ఫ్యాక్టరీ పక్కనే ఫోక్స్‌వాగన్ కట్టిన కార్ల థీమ్ పార్కు ఆటోస్టాట్ ఒక్కటి చూసుకుని సాయంత్రం రైలుకు వెళ్లిపోతారు. అది చూడదగ్గదే. 48 మీటర్ల ఎత్తున్న రెండు గాజు టవర్లలో ఒక్కోదాంట్లో 400 కొత్త కార్లు పడతాయి. మధ్యలో ఉన్న లిఫ్టు గిర్రున తిరుగుతూ పైకి లేచి, ఒక అరలోంచి కారును లాక్కుని కిందికి దించుతుంది. కొన్నవాళ్లు ఇక్కడికే వచ్చి కారు తీసుకెళ్లొచ్చు. ఆ డెలివరీ హాల్లో కాసేపు నిలబడండి. తాళాలు అందుకుని కుటుంబమంతా కారు చుట్టూ చేరి ఫొటోలు దిగుతుంటే మనకే సంతోషం వేస్తుంది. అక్కడి త్సైట్‌హౌస్ మ్యూజియంలో వేరే కంపెనీల పాత కార్లూ ఉన్నాయి, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. పిల్లలతో వెళ్తే మాత్రం స్టేషన్ పక్కనే జహా హదీద్ డిజైన్ చేసిన ఫేనో సైన్స్ సెంటర్‌కే ఎక్కువ టైమ్ ఇవ్వండి. అన్నీ చేత్తో ముట్టుకుని చేసి చూసే ప్రయోగాలే.

యుద్ధకాలంలో ఈ ఫ్యాక్టరీ సైన్యానికి పనిచేసింది. దాదాపు 20,000 మందితో బలవంతంగా వెట్టిచాకిరీ చేయించారు, వాళ్లలో కాన్సంట్రేషన్ క్యాంపుల ఖైదీలూ ఉన్నారు. ఫ్యాక్టరీ లోపలి పాత బంకర్లో వాళ్ల స్మారక ప్రదర్శన ఉంది. దానికి ముందే అడిగి పెట్టుకోవాలి. ఆ శ్రమ పట్ల గౌరవం ఉన్నవాళ్లెవరైనా ఇది చూడకుండా రాకూడదని నా గట్టి అభిప్రాయం.

బస విషయానికొస్తే, ఆటోస్టాట్ లోపలే రిట్జ్ కార్ల్‌టన్ ఉంది. అంత ఖర్చు అక్కర్లేదు. ఊరి మెయిన్ రోడ్డు పోర్షె స్ట్రాసె చుట్టుపక్కల మామూలు హోటల్ చాలు, అన్నీ నడిచే దూరమే. మేం దిగిన చోట రిసెప్షన్ సాయంత్రమే మూసేశారు. తాళం బయట డబ్బాలో పెట్టి కోడ్ మెయిల్ చేశారు, ఇబ్బంది పడలేదు.

తిండికి ఇక్కడి ప్రత్యేకత కర్రీవుర్స్ట్, అంటే కర్రీ పొడి, కెచప్ వేసిన సాసేజ్. ఆ పోర్క్ సాసేజ్‌ను ఫోక్స్‌వాగనే తయారు చేస్తుంది, దానికి స్పేర్ పార్టుకున్నట్టే నంబరు కూడా ఉంది: 199 398 500 ఎ. శాకాహారులు దిగులుపడక్కర్లేదు. 1962 నుంచి ఇటలీ కార్మికులు వేలల్లో వచ్చి స్థిరపడటంతో మంచి పిజ్జా, పాస్తా, ఐస్‌క్రీమ్ దొరుకుతాయి.

ఫ్యాక్టరీ టూర్‌కు పని నడిచే రోజు చూసి ముందే బుక్ చేసుకోండి. ఇంగ్లిష్ టూర్లు తక్కువ, ఫొటోలు తియ్యనివ్వరు. 2030 నాటికి జర్మనీలో 35,000కు పైగా ఉద్యోగాలు తగ్గించేందుకు 2024 డిసెంబరులో కంపెనీ, కార్మిక సంఘం ఒప్పందం చేసుకున్నాయి. గోల్ఫ్ కారు తయారీని 2027 నుంచి మెక్సికోకు మార్చడం కూడా అందులో భాగమే. గోల్ఫ్‌ను దాని సొంతూళ్లో తయారవుతుండగా చూడాలనుకునేవాళ్లు ఆలస్యం చేయొద్దు.