కెన్యా, జాంజిబార్‌లలో అమ్మతో, ఆమె ఇన్సులిన్‌తో

అరవై దాటిన అమ్మను, ఆమె ఇన్సులిన్‌ను వెంటబెట్టుకుని వెళ్తున్నాం కాబట్టి ప్రతి బసకూ ముందుగానే మూడు ప్రశ్నలు రాసి పంపాం. మంచాలకు దోమతెరలు ఉన్నాయా? వంటగది ఫ్రిజ్‌కు రాత్రంతా కరెంటు ఉంటుందా? డాక్టరు దగ్గరికి ఎంత సేపు ప్రయాణం? సూటిగా జవాబిచ్చినవారి దగ్గరే దిగాం. ఎంత అందమైన చోటైనా ఈ మూడూ తేలకుండా అక్కడ బస చేయవద్దని నా గట్టి అభిప్రాయం.

బయలుదేరే ముందు అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది దోమల వల్ల వచ్చే ఎల్లో ఫీవర్ (పచ్చ జ్వరం) టీకా గురించి. వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ ధ్రువపత్రం చెల్లుతుంది. 2016 నుంచి జీవితాంతం పనికివస్తుంది. కెన్యా నుంచి టాంజానియాకు చెందిన జాంజిబార్ దీవిలో దిగినా, తిరిగి భారత్‌కు చేరినా పసుపు కార్డు అనే ఆ ధ్రువపత్రం చూపాల్సిందే. అయితే అరవై దాటాక ఈ టీకా మొదటిసారి వేయించుకునేవారిలో తీవ్రమైన దుష్ప్రభావాల అవకాశం కొంత ఎక్కువ. గుడ్డు అలర్జీ ఉందా, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులేమైనా వాడుతున్నారా అని అమ్మను ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నాకే మా డాక్టరు సరేనన్నారు. అంత ఓపిగ్గా అడిగే డాక్టరు దొరకడం అదృష్టం.

నైరోబీ దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది కనుక అక్కడ మలేరియా బెడద తక్కువ. సముద్రతీరానికి వస్తే ఎక్కువ. మలేరియా రాకుండా వేసుకునే అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ మాత్రలు ఆ ప్రాంతాన్ని వదిలాక ఏడు రోజులు వేసుకుంటే చాలు, డాక్సీసైక్లిన్ అయితే నాలుగు వారాలు వేసుకోవాలి. డాక్టరు సలహాతో మేము మొదటిదే తీసుకున్నాం.

కెన్యాలోని వన్యప్రాణుల అభయారణ్యం మసాయి మారాలో గుడారాల శిబిరం మాకు అన్నిటికన్నా నచ్చింది. సిబ్బంది ఇన్సులిన్‌ను ఒక డబ్బాలో వేసి, అమ్మ పేరు రాసి, ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరకు దూరంగా పెట్టారు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ ఇక పనికిరాదని మేము చెప్పకముందే వారికి తెలుసు. విమానంలోనూ అందుకే దాన్ని చెక్-ఇన్ సామాన్లలో వేయకుండా, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలోనే ఉంచాం. సఫారీకి ముదురు నీలం, నలుపు బట్టలు వద్దన్నారు. ఆ రంగులకు సెట్సీ ఈగలు (ఆఫ్రికాలో ఉండే, కుట్టే ఈగలు) ఆకర్షితమవుతాయి. 1957లో మొదలైన ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్ల సేవ నైరోబీలోని విల్సన్ విమానాశ్రయం నుంచి నడుస్తుంది. రోడ్డు మీద గంటలు పట్టే అలాంటి చోటి నుంచి రోగిని విమానంలో తరలిస్తారు. దాని సభ్యత్వం తీసుకున్నాం. వాడే అవసరం రాలేదు, అయినా ఆ ఖర్చు నాకు ఏమాత్రం బరువనిపించలేదు.

కెన్యా సముద్రతీరంలోని డయానీలో మేము దిగిన హోటలుకు మాత్రం అన్ని మార్కులు ఇవ్వలేను. గది నుంచి సముద్రం అద్భుతంగా కనబడుతుంది, దోమతెరకు మాత్రం రెండు చోట్ల చిరుగులు. మలేరియా దోమ కుట్టేది సాయంత్రం నుంచి తెల్లవారేలోపు కాబట్టి రాత్రి నిద్రకు చిరిగిన తెర ఉన్నా లేనట్టే. తెర మార్చమంటే మారుస్తారు, కానీ చీకటి పడేదాకా అడుగుతూనే ఉండాలి. డెంగీ దోమ పగలు కుడుతుంది గనుక పగటి పూటా మందు రాసుకున్నాం: ముందు సన్‌స్క్రీన్, అది ఆరాక డీట్ ఉన్న దోమల మందు.

జాంజిబార్‌లో 2024 అక్టోబరు నుంచి విదేశీ సందర్శకులు అక్కడి బీమా 44 డాలర్లకు కొనుక్కోవాలి. అక్కడి పాత పట్టణం స్టోన్ టౌన్‌లో, మాతో వచ్చిన నాన్నకు విరేచనాలు పట్టుకున్నాయి. లీటరు మంచినీటిలో కలిపిన ఓఆర్‌ఎస్ పొడి కొద్దికొద్దిగా తాగించాం. జ్వరం కూడా తగలడంతో విరేచనాలు ఆపే మాత్ర వేయకుండా క్లినిక్‌కు వెళ్లాం. వాళ్లు ముందు మలేరియా పరీక్ష చేసి, లేదని తేలాకే మిగతా వైద్యం చూశారు. ఆ క్రమం నాకు ఎంతో నచ్చింది. డబ్బు ముందే కట్టమన్నారు, కానీ బీమాకు కావాల్సిన బిల్లు, రిపోర్టు అడగకుండానే చేతికిచ్చారు.

వెళ్లే ఆలోచన ఉన్నవారు ఇంకొకటి గుర్తుంచుకోండి. మాత్రలన్నీ సరిగ్గా వేసుకున్నా, తిరిగొచ్చాక కొన్ని నెలల్లోపు జ్వరం వస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లి, ఆఫ్రికాకు వెళ్లొచ్చామని మొదటే చెప్పి, మలేరియా పరీక్ష చేయించుకోండి.