మ్యాజిక్ డెక్‌కు ఎన్ని రంగులు: ఒకటా, రెండా, మూడా? ఏది మేలు?

మా బాలాజీ కాలనీ గదిలో ఆదివారం సాయంత్రాలు మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడటానికి చేరేది నలుగురైదుగురం. కొత్తగా ఎవరు వచ్చినా తెచ్చే డెక్ (కార్డుల కట్ట) మాత్రం ఒకేలా ఉంటుంది. నచ్చిన కార్డులన్నీ ఉంటాయి, మూడు రంగులుంటాయి, ఒక్కో రంగుకు ఎనిమిదేసి ల్యాండులుంటాయి. చూడటానికి న్యాయంగానే కనిపిస్తుంది. నా ఓటు మాత్రం రెండు రంగులకు, అది కూడా సగం సగం కాకుండా ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా ఉండే పంపకానికి.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన ఈ ఆటలో తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ అని ఐదు రంగులున్నాయి. కార్డు వేయాలంటే ఆ రంగు మనా, అంటే ఖర్చు పెట్టే శక్తి, కావాలి, మనా ఇచ్చేవి ల్యాండు కార్డులు. వంతుకు ఒక్క ల్యాండే దించాలి. మామూలు డెక్‌లో కనీసం 60 కార్డులుండాలి, అందులో 24 ల్యాండులు పెట్టడం చాలామందికి అలవాటు. మొదట చేతికి వచ్చేవి 7.

ఒకే రంగు డెక్‌ది నిశ్చింత బతుకు. 24 ల్యాండులూ ఎర్ర మనా ఇచ్చే కొండలే అయితే మొదటి ఏడు కార్డుల్లో ఒక్కటీ రాకపోయే అవకాశం రెండు శాతం చిల్లరే. మూడో వంతుకల్లా రెండు ఎర్ర మనాలు దొరికే అవకాశం 94 శాతం. (ఈ వ్యాసంలోని లెక్కలన్నీ మొదట ఆడేవాడివి, మొదటి ఏడు కార్డులు మార్చుకోకుండా ఆడితే వచ్చేవి.) డబ్బు కోణంలో చూసినా ఇదే చవక. మామూలు ల్యాండులను ఎవరిని అడిగినా ఊరికే ఇచ్చేస్తారు. లోటల్లా ఒక్కటే: ఆ రంగుకు చేతకానిది చేతకానట్టే ఉంటుంది. ఎరుపుకు ఎదుటివాడిని కాల్చడం తెలుసు. బల్ల మీద దిగి అక్కడే ఉండి పనిచేసే మంత్రం కార్డును, అంటే ఎన్‌చాంట్‌మెంట్‌ను తీసేయడం మాత్రం దానికి దాదాపు చేతకాదు. ఎదుటివాడు అదే వేసి కూర్చుంటే మనం చూస్తూ ఉండాల్సిందే.

ఇక మూడు రంగులు. ఎనిమిదేసి చొప్పున పంచిన డెక్‌లో ఫలానా ఒక రంగు ల్యాండు మొదటి ఏడులో అసలు లేకపోయే అవకాశం సుమారు 35 శాతం. నాలుగో వంతు వచ్చేసరికి మూడు రంగులూ చేతికి అందే అవకాశం 47 శాతం, అంటే సగం ఆటల్లో కూడా కాదు. మూడో వంతులో ఫలానా ఒక రంగువే రెండు మనాలు కావాలంటే 34 శాతమే.

అంకెలకంటే చేతిలో ముక్కలు చూస్తేనే ఇది బాగా అర్థమవుతుంది. ఇంజినీరింగ్ చదివే తమ్ముడొకడు ఆకుపచ్చ, నలుపు, నీలం కలిపి డెక్ తెచ్చాడు. మొదటి చేయి ఇది: రెండు చిత్తడి ల్యాండులు (నలుపు), ఒక దీవి (నీలం), లానోవార్ ఎల్వ్స్, గ్రిజ్లీ బేర్స్, కౌంటర్‌స్పెల్, డూమ్ బ్లేడ్. "అన్నా, మూడు ల్యాండులున్నాయి, మంచి చేయే కదా" అన్నాడు. లెక్కకు మంచిదే. కానీ ఎల్వ్స్‌కూ, బేర్స్‌కూ ఆకుపచ్చ మనా ఇచ్చే అడవి కావాలి, అది లేదు. కౌంటర్‌స్పెల్‌కు రెండు నీలం మనాలు కావాలి, దీవి ఒక్కటే ఉంది. ఉన్నవాటిలో వేయగలిగింది డూమ్ బ్లేడ్ ఒక్కటే, దానితో చంపడానికి ఎదుట నలుపు కాని ప్రాణి ఏదో ఒకటి దిగాలి. అడవి నాలుగో వంతులో వచ్చింది. తానే ఒక ఆకుపచ్చ మనా ఇచ్చే లానోవార్ ఎల్వ్స్ మొదటి వంతులో దిగితే రెండో వంతులోనే మూడు మనాలు చేతికొస్తాయి, దాని విలువంతా అక్కడే ఉంది. నాలుగో వంతులో దిగిన ఎల్ఫ్ ఒక దెబ్బకు అడ్డుపడి చచ్చిపోవడానికే పనికొస్తుంది.

రెండు రంగుల దగ్గరే అసలు తగువు మొదలవుతుంది, ఎందుకంటే ల్యాండులు పంచే పద్ధతి మీద ఎవరి పట్టు వారిది. ఎక్కువమంది చేసేది కార్డుల మీది రంగు గుర్తులు (ఆ రంగు మనాలు ఎన్ని కావాలో చెప్పేవి) లెక్కపెట్టి, ఆ నిష్పత్తిలో 24ను పంచడం. నాకు ఈ పద్ధతి నచ్చదు. ఎరుపు-నలుపు డెక్ ఒకటి తీసుకోండి. ఎరుపులో ఒకటి, రెండు మనాల కార్డులు, వాటి మీద మొత్తం 22 గుర్తులు. నలుపులో ఎక్కువగా ఐదు మనాల బరువు కార్డులు, వాటి మీదా 22 గుర్తులే. నిష్పత్తి ప్రకారం 12-12 అవుతుంది. అప్పుడు మొదటి ఏడులో కొండ ఉండే అవకాశం 81 శాతం. అంటే దాదాపు ఐదు ఆటలకు ఒకసారి, ఒక్క ఎర్ర మనాతో వేసే లైట్నింగ్ బోల్ట్ చేతిలోనే మగ్గుతుంది. ఐదో వంతులో వేసే నలుపు కార్డుకు చిత్తడి వెతుక్కునే వ్యవధి ఉంది. మొదటి వంతులో వేయాల్సిన ఎర్ర కార్డుకు ఆ వ్యవధి లేదు. గుర్తుల లెక్క మాత్రం రెండింటినీ ఒకే తూకం వేస్తుంది.

అదే డెక్‌ను 16 కొండలు, 8 చిత్తడులుగా మార్చి చూడండి. మొదటి చేతిలో కొండ ఉండే అవకాశం 90 శాతానికి చేరుతుంది. ఐదో వంతుకల్లా కనీసం ఒక చిత్తడి దొరికే అవకాశం 82 శాతం. అయితే దీనికి ఒక షరతుంది: చిన్న రంగులో రెండు గుర్తుల కార్డులు పెట్టుకోకూడదు. ఎనిమిది ల్యాండులతో రెండు నల్ల మనాలు సమయానికి వస్తాయనుకోవడం దురాశ. ఎంత గొప్ప కార్డైనా సరే, రెండు నలుపు గుర్తులుంటే తీసి పక్కన పెట్టి, అదే పనిచేసే ఒక గుర్తు కార్డు వెతకాలి. ఇష్టమైన కార్డు తీసేయడానికి మనసొప్పక ల్యాండుల మీద కసరత్తు చేసేవాళ్లను చాలామందిని చూశాను. కసరత్తు ఎంత చేసినా 24 అనే అంకె పెరగదు.

12-12 ఎప్పుడూ తప్పని కాదు. రెండు రంగుల్లోనూ తొలి కార్డులు సమానంగా ఉండి, అన్నీ ఒక గుర్తువే అయితే అదే సరైన పంపకం. రెండు వైపులా రెండేసి గుర్తులుంటే మాత్రం మూడో వంతుకు ఆ రెండింటిలో ఒక్కో రంగుకు రెండు మనాలు కుదిరే అవకాశం 58 శాతమే. అదే 16 ల్యాండుల రంగుకైతే 76.

డబ్బు పెట్టగలిగితే రెండు రంగులిచ్చే ల్యాండులున్నాయి. రమ్మీలో జోకర్‌లా ఎటు కావాలంటే అటు వాడుకోవచ్చు, కానీ ఉచితంగా కాదు. చవకవి దిగినప్పుడే వంగి (అడ్డంగా తిప్పి) దిగుతాయి, ఆ వంతుకు మనా ఇవ్వవు. 2005లో రావ్నికా అనే కార్డుల సెట్టుతో వచ్చిన షాక్ ల్యాండులు వెంటనే పనిచేయాలంటే ఆట మొదట్లో ఉండే 20 ప్రాణాల్లో రెండు చెల్లించాలి, చెల్లించకపోతే అవీ వంగే దిగుతాయి. వేగంగా కొట్టే డెక్‌లో వంగి దిగేవి నాలుగు మించితే నాకు చిరాకు. నెమ్మదిగా ఆడే డెక్‌కు ఎనిమిదైనా ఫరవాలేదు. ఎవాల్వింగ్ వైల్డ్స్ మాత్రం అందరికీ అందే ధరలో దొరికే మంచి కార్డు. దాన్ని త్యాగం చేసి డెక్‌లోంచి కావాల్సిన మామూలు ల్యాండు వెతికి తెచ్చుకోవచ్చు, అదీ వంగే దిగుతుంది.

అక్కడికక్కడ పొట్లాలు విప్పి, కార్డులు ఏరుకుని డెక్ కట్టే డ్రాఫ్ట్‌లో 40 కార్డులకు 17 ల్యాండులు. అక్కడ కూడా 9-8 అని కళ్లు మూసుకుని పంచకుండా ముందు ఒకటి, రెండు మనాల కార్డులు ఏ రంగులో ఎక్కువున్నాయో చూసి 10-7 చేయడానికి వెనకాడనక్కర్లేదు.

మూడు రంగులు లేనిదే తోచదనేవాళ్లు కమాండర్ అనే పద్ధతిలో ఆడుకోవచ్చు. నూరు కార్డులు, మామూలు ల్యాండులు తప్ప ప్రతి కార్డూ ఒక్కటే, సాధారణంగా నలుగురు ఆటగాళ్లు, తీరిగ్గా సాగే ఆట. కమాండ్ టవర్ లాంటి ల్యాండు ఒక్కటే వంగకుండా దిగి, డెక్‌కు నాయకుడిగా పెట్టుకున్న కమాండర్ కార్డు రంగుల్లో ఏది అడిగితే అది ఇస్తుంది. ఆ తమ్ముడి మూడు రంగుల కార్డులూ ఇప్పుడు అలాంటి డెక్‌లోకే చేరాయి. ఇద్దరి ఆటకు వాడు ఆకుపచ్చ-నలుపు విడిగా కట్టుకున్నాడు: 15 అడవులు, 9 చిత్తడులు.