పాత డీజిల్ లారీ కొనేవాళ్ళు జాగ్రత్త: వేడిగా ఉన్న ఇంజిన్‌ని చూసి బేరం ఖాయం చేసుకోకండి

పాత డీజిల్ లారీ కోసం వెతుకుతున్న వాళ్ళు దయచేసి ఇది చదివాకే బండి చూడ్డానికి వెళ్ళండి. నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదని రాస్తున్నాను.

నేను చూడ్డానికి వెళ్ళిన రోజు సెల్ఫ్ కొట్టగానే బండి అందుకుంది. పొగ లేదు. నాలుగు సిలిండర్లూ సమంగా కొడుతున్నట్టే వినిపించింది. "మీరొస్తున్నారని పొద్దున్నే కడిగించి, ఒక రౌండు తిప్పి తెచ్చానండీ" అన్నాడు అమ్మినాయన. మనకోసం శ్రమపడ్డాడు కదా అనుకున్నాను. నిజానికి ఆ ఒక్క మాటలోనే అసలు సంగతంతా ఉంది, నేనే పట్టుకోలేకపోయాను.

మర్నాడు తెల్లవారుజామున సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతోంది గానీ అందుకోదు. ఏడెనిమిది సార్లు కొట్టాక ఒక సిలిండర్ అందుకుంది, కాసేపటికి ఇంకొకటి. క్యాబిన్ మొత్తం ఊగిపోతోంది. సైలెన్సర్ నుంచి దట్టమైన తెల్లపొగ, పచ్చి డీజిల్ వాసన, కళ్ళు మండి నీళ్ళు కారాయి. పది నిమిషాలు నడిచాక పొగ తగ్గింది, మిస్సింగ్ (ఒక సిలిండర్ సరిగ్గా కొట్టకపోవడం) కూడా చాలావరకు పోయింది. మధ్యాహ్నం ఆపి మళ్ళీ కొడితే ఒక్క దెబ్బకే స్టార్ట్. నేను కొన్న రోజు చూసింది ఆ మధ్యాహ్నపు బండిని.

డీజిల్ ఇంజిన్‌లో మంట పుట్టించే స్పార్క్ ఉండదు. పిస్టన్ గాలిని దాదాపు 17 నుంచి 20వ వంతుకు నొక్కేస్తే ఆ గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, అందులోకి చిమ్మిన డీజిల్ దానంతటదే అంటుకుంటుంది. అందుకని సెల్ఫ్ ఇంజిన్‌ని వేగంగా తిప్పాలి, కంప్రెషన్ (గాలిని నొక్కే ఒత్తిడి) గట్టిగా ఉండాలి, గాలి కలవని డీజిల్ సన్నటి తుంపరగా పడాలి. వీటిలో ఏది కాస్త బలహీనంగా ఉన్నా ఇంజిన్ వేడిగా ఉన్నంతసేపూ బయటపడదు. రాత్రంతా చల్లబడితేనే జబ్బు కనిపిస్తుంది.

మొదట చూపించిన మెకానిక్ బానెట్ ఎత్తి, పొగ చూసి, "పంపు పోయింది" అని తేల్చేశాడు, అంటే డీజిల్‌ని ఒత్తిడితో సిలిండర్లలోకి పంపే పంపు. పంపు దించి, క్యాలిబ్రేషన్ చేయించి, బిగించి తెచ్చేసరికి పది రోజులు పోయాయి. మర్నాడు పొద్దున అదే పొగ, అదే ఊపు. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి: స్టార్టింగ్ ట్రబుల్ అనగానే పంపు విప్పుదామనేవాళ్ళు ముందు ఏమేం పరీక్షించారో అడగండి. పంపు అన్నిటికంటే చివర్లో చూడాల్సింది.

రెండో మెకానిక్ ఏదీ విప్పలేదు. ముందు బ్యాటరీ టెర్మినల్స్‌కి మీటర్ పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాడు. నాది 12 వోల్టుల బండి, సెల్ఫ్ తిరిగేటప్పుడు పదికి అటూ ఇటూ చూపించింది, పర్వాలేదన్నాడు. తర్వాత మీటర్ ఒక కొసని బ్యాటరీ మైనస్‌కీ, రెండోదాన్ని ఇంజిన్ బ్లాక్‌కీ పెట్టి మళ్ళీ కొట్టమన్నాడు. అక్కడ ఒక వోల్టుకు పైగా పోతోంది! అర వోల్టు దాటకూడదట. ఎర్త్ కేబుల్ కింద తుప్పు, దానిమీద పెయింట్. గీకి బిగించగానే ఇంజిన్ తిరిగే వేగంలో తేడా చెవికే తెలిసింది. హీటర్ ప్లగ్గులు (చల్లటి సిలిండర్‌ని ముందుగా వేడిచేసేవి) నాలుగింట్లో రెండు చచ్చిపోయి ఉన్నాయి, అవీ మార్చాడు.

తర్వాత అతను చేసిన పని నేను మర్చిపోలేను. ఫిల్టర్ నుంచి పంపుకి వెళ్ళే రబ్బరు పైపు తీసేసి, దాని చోట జానెడు పారదర్శకమైన పైపు బిగించాడు. డీజిల్‌తో పాటు ఆవగింజంత బుడగలు వరసగా వెళ్తున్నాయి. ఫీడ్ పంపు ట్యాంకు నుంచి లాగే వైపు ఒక రబ్బరు పైపు క్లిప్పు దగ్గర వెంట్రుకంత చీలింది. ఆ వైపు డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి వెళ్తుంది, అందుకే కింద చుక్క కూడా కనపడలేదు. రాత్రంతా డీజిల్ ట్యాంకులోకి జారిపోయి పైపుల్లో గాలి చేరుతుంది. పొద్దున హ్యాండ్ ప్రైమర్ (చేత్తో నొక్కి పైపుల్లోకి డీజిల్ ఎక్కించే చిన్న పంపు) నాలుగుసార్లు నొక్కాక బండి తేలిగ్గా అందుకుంటే ఇదేనని అనుమానించొచ్చు. నేను కొన్నప్పుడు బండి ముందు భాగం పల్లంలోకి దిగేలా పెట్టి ఉండడం అప్పుడు గుర్తొచ్చింది. అలా పెడితే డీజిల్ వెనక్కి జారదట. కావాలనే పెట్టారో లేదో చెప్పలేను, మీరు మాత్రం బండి సమంగా ఉన్న నేల మీద రాత్రంతా ఆగి ఉండేలా చూసుకోండి.

గాలి సమస్య తీరాక బండి స్టార్ట్ అయ్యేది, కానీ మిస్సింగ్ ఉంది. ఇంజిన్ నడుస్తుండగా నాజిల్స్‌కి (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) వెళ్ళే పైపుల నట్లు ఒక్కొక్కటీ కొంచెం వదులు చేసి చూశాడు. మిగతా మూడింటికీ ఇంజిన్ శబ్దం పడిపోయింది, మూడో సిలిండర్‌కి ఏ తేడా లేదు. అంటే పని చేయనిది అదే. ఈ పద్ధతి పాత మెకానికల్ పంపు ఉన్న బండ్లకే, అదీ చేతిని దూరంగా పెట్టి. కామన్ రైల్ ఇంజిన్ (అన్ని నాజిల్స్‌కీ ఒకే అధిక ఒత్తిడి గొట్టం నుంచి డీజిల్ వెళ్ళే కొత్తరకం) మీద ఎప్పుడూ చేయకండి. అక్కడ ఒత్తిడి 1000 బార్ దాటుతుంది, డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. గాయం సూది గుచ్చుకున్నంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

మూడో నాజిల్ తీసి టెస్టర్ మీద పెడితే తుంపర రాలేదు, చుక్కలు కారుతున్నాయి. మార్చాం. మిస్సింగ్ తగ్గింది గానీ పోలేదు. అప్పుడు గేజ్ పెట్టి కంప్రెషన్ చూస్తే వరసగా నాలుగు సిలిండర్లకీ 375, 380, 270, 370 పీఎస్ఐ, మూడోది బాగా తక్కువ. నా గుండె జారిపోయింది. కొందరు సిలిండర్‌లో ఆయిల్ పోసి మళ్ళీ కొలవమంటారు. డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ పైన మిగిలే చోటు చాలా తక్కువ, ఆయిల్ పోస్తే అదే నిండి అంకె పెరిగిపోతుంది, ఎక్కువైతే కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం కూడా ఉంది. మా మెకానిక్ ఆ పని చేయకుండా పిస్టన్‌ని పైకి తెచ్చి, ఆ సిలిండర్‌లోకి గాలి ఎక్కించి చెవి పెట్టాడు. సైలెన్సర్‌లో శబ్దం లేదు, గాలి లోపలికి వచ్చే గొట్టంలో లేదు, రేడియేటర్‌లో బుడగ రాలేదు. బ్రీదర్ (ఇంజిన్ అడుగు భాగంలోని గాలి బయటికి పోయే గొట్టం) దగ్గర మాత్రం బుస్సుమని గాలి. వాల్వులు, హెడ్ గాస్కెట్ బాగానే ఉన్నాయి, పోయింది పిస్టన్ రింగులు లేదా బోర్ (సిలిండర్ లోపలి గోడ).

అమ్మినాయనకి ఫోన్ చేస్తే "పాత బండి అంటే అంతే కదండీ" అన్నాడు. తర్వాత ఎత్తడం మానేశాడు.

మీరు వెళ్ళేటప్పుడు ఫోన్‌లోనే చెప్పండి, నేను వచ్చేదాకా ఇంజిన్ ముట్టుకోవద్దని. వెళ్ళగానే వాల్వ్ కవర్ (ఇంజిన్ పైన ఉండే మూత) మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఆ రోజు బేరం మాట్లాడకుండా వచ్చేయండి, మర్నాడు పొద్దున వస్తానని చెప్పండి. ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు మీరు సైలెన్సర్ వైపు నిలబడండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. తెల్లపొగ తియ్యటి వాసన వేస్తే కూలెంట్ లోపలికి వెళ్తున్నట్టు. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, ఆయిల్ గుర్తు దాటి ఉండి డీజిల్ వాసన వేస్తే అదీ చెడ్డ సూచనే. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి చూడండి, పాత ఆవిరి రైలింజన్‌లా పొగ ఎగతన్నుతుంటే బ్యాక్ కంప్రెషన్ (రింగుల పక్కనుంచి గాలి కిందికి జారిపోవడం) ఉన్నట్టే. ఎవరైనా ఈథర్ స్ప్రే (ఇట్టే అంటుకునే స్టార్టింగ్ స్ప్రే) కొట్టి స్టార్ట్ చేయబోతే అక్కడే ఆపండి. హీటర్ ప్లగ్గులున్న ఇంజిన్‌లో అది పిస్టన్ పైకి చేరకముందే అంటుకోగలదు, పిస్టన్లూ రింగులూ విరిగిపోవచ్చు.

నా బండికి నిన్న హెడ్ విప్పారు. మూడో బోర్‌లో పైనుంచి కిందిదాకా గోరు తగిలేంత గీత ఉంది.