క్యాప్సూలా, జెల్లా, నూనె ఇంజెక్షనా: ప్రొజెస్టిరాన్ రూపాలన్నీ వాడాక

ఐవీఎఫ్‌లో పిండాన్ని గర్భసంచిలో పెట్టడాన్ని ట్రాన్స్‌ఫర్ అంటారు, అది అక్కడ నిలవడానికి ఇచ్చే హార్మోన్ మందే ప్రొజెస్టిరాన్. ముందు తీర్పు చెప్పేస్తాను. గుడ్లు తీసిన అదే సైకిల్‌లో చేసే ఫ్రెష్ ట్రాన్స్‌ఫర్ అయితే యోనిలో పెట్టుకునే క్యాప్సూళ్లు చాలు. పూర్తిగా మందులతోనే లైనింగ్ (గర్భసంచి లోపలి పొర) పెంచి, గడ్డకట్టించి దాచిన పిండంతో చేసే ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్ అయితే క్యాప్సూళ్లకు తోడు ఇంజెక్షన్ కూడా ఉంటే మంచిదని నా అభిప్రాయం. ఏది ఎంత మోతాదు అన్నది మీ డాక్టరే రాయాలి. రాసినదాన్ని సరిగ్గా వాడటం మన పని, తేడాలు ఎక్కువగా వచ్చేది అక్కడే.

ఈ రెండు సైకిళ్లకూ తేడా ఎందుకంటే, ఫ్రెష్ సైకిల్‌లో గుడ్లు తీశాక అండాశయంలో మిగిలే కార్పస్ లూటియం అనే చిన్న గ్రంథి కొంత ప్రొజెస్టిరాన్ తయారుచేస్తుంది. మనం ఇచ్చేది దానికి ఊతం. ఈస్ట్రోజన్ మాత్రలతో లైనింగ్ పెంచే ఫ్రోజెన్ సైకిల్‌లో అండం విడుదలే కాదు, కాబట్టి కార్పస్ లూటియం ఉండదు. గర్భసంచికి అందే ప్రొజెస్టిరాన్ అంతా బయటి నుంచి వెళ్లాల్సిందే. అక్కడ ఒక డోసు మర్చిపోవడం చిన్న విషయం కాదు. సొంతంగా అండం విడుదలయ్యాక చేసే నేచురల్ సైకిల్ ట్రాన్స్‌ఫర్‌కు ఇంత కంగారు అక్కర్లేదు.

క్యాప్సూళ్లతో మొదలుపెడతాను. సస్టెన్ లాంటి మైక్రోనైజ్డ్ (బాగా సన్నని పొడి చేసిన) ప్రొజెస్టిరాన్ మెత్తటి క్యాప్సూళ్లు 200 మి.గ్రా. రోజుకు మూడుసార్లో, 400 మి.గ్రా. రెండుసార్లో రాస్తారు. అదే క్యాప్సూల్‌ని మింగితే కాలేయం చాలావరకు విరిచేస్తుంది. ఆ విరిగిన పదార్థాలే తల తిప్పేలా మత్తుగా నిద్ర తెప్పిస్తాయి, గర్భసంచికి చేరేది మాత్రం తక్కువ. అందుకే చీటీలో మింగాలా, లోపల పెట్టుకోవాలా అన్నది స్పష్టంగా రాయించుకోండి. మందుల షాపులో చెప్పినదాన్ని నమ్ముకోవద్దు.

పెట్టుకునే పద్ధతి సులువే. చేతులు కడుక్కుని, క్యాప్సూల్‌ని ఒక్క క్షణం నీళ్లలో తడిపి, వేలు వెళ్లినంత లోపలికి నెట్టి, 20 నుంచి 30 నిమిషాలు పడుకుంటే చాలు. పూటంతా మంచం దిగకూడదు అనే మాటకు ఆధారం లేదు. తర్వాత తెల్లగా, జిడ్డుగా కారుతుంది, ఒక్కోసారి పైతొడుగు కూడా బయటికొస్తుంది. అప్పటికి మందు లోపలికి ఇంకిపోయి ఉంటుంది, మళ్లీ పెట్టుకోనక్కర్లేదు. ప్యాంటీ లైనర్ వాడండి, టాంపన్ వద్దు. రోజుకు మూడుసార్లు అంటే ఆఫీసులో మధ్యాహ్నం డోసు పెద్ద తలనొప్పి. పడుకునే చోటు దొరకని వాళ్లు రెండు పూటల మోతాదుకు మార్చమని డాక్టర్‌ని అడగొచ్చు. వేసవిలో రెంటచింతల లాంటి చోట బ్యాగులో ఉంచితే క్యాప్సూళ్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఇంట్లో చల్లని చోట పెట్టండి, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు.

క్రైనోన్ లాంటి 8 శాతం జెల్‌లో ఒక్కో అప్లికేటర్‌కు 90 మి.గ్రా. మందు ఉంటుంది. కారడం తక్కువ, వేళ్లకు అంటదు, ప్రయాణంలో హాయి. వాడేకొద్దీ బయటపడే చిక్కు వేరు. జెల్‌లోని జిగురు పదార్థం లోపల పేరుకుపోయి, కొన్నాళ్లకు గోధుమరంగు ముద్దలుగా వస్తుంది. చాలామంది దాన్ని బ్లీడింగ్ అనుకుని హడలిపోతారు. ఎర్రటి రక్తం కనిపిస్తే మాత్రం ఆలోచించకుండా క్లినిక్‌కు ఫోన్ చేయండి, ఈలోగా మందు ఆపకండి. క్యాప్సూళ్ల కన్నా జెల్ ఖరీదు బాగా ఎక్కువ, పది వారాల ఖర్చు లెక్కేసుకున్నాకే మొదలుపెట్టాలి.

ఇక నూనె ఇంజెక్షన్, గెస్టోన్ రకం. 50 మి.గ్రా. లేదా 100 మి.గ్రా., కండలోకి. రక్తంలో స్థాయి నిలకడగా ఉండటంలో దీన్ని మించింది లేదు, బాధపెట్టడంలోనూ లేదు. ఆ బాధలో సగం వేసే పద్ధతి వల్లే. ఆంపుల్‌ని అరచేతుల మధ్య రెండు నిమిషాలు వెచ్చబెడితే నూనె పలచబడుతుంది. సిరంజిలోకి తీయడానికి 18 గేజ్ సూది, వేయడానికి కొత్త 22 గేజ్, ఒకటిన్నర అంగుళం. పొట్టి సూదితో వేస్తే మందు కొవ్వులోనే ఆగిపోయి గడ్డ కడుతుంది. చోటు పిరుదు పైభాగంలో బయటివైపు మాత్రమే, ఒకరోజు కుడి, ఒకరోజు ఎడమ. నెమ్మదిగా ఎక్కించి, తర్వాత ఒకటి రెండు నిమిషాలు మర్దన చేసి, గోరువెచ్చటి కాపడం పెట్టాలి. కాలులోకి జివ్వుమని నొప్పి పాకితే వెంటనే సూది తీసేయమనండి, నరం దగ్గరికి వెళ్లినట్టు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునేవాళ్లు ఇది నూనె మందని ముందే చెప్పాలి, లేకపోతే అలవాటుగా సన్న సూదితో జబ్బకు వేసేస్తారు. గడ్డ ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే కాపడాలతో కాలయాపన చేయొద్దు. నూనె ఏదో లేబుల్ మీద చూడండి. కొన్నిటిలో నువ్వుల నూనె, కొన్నిటిలో వేరుశనగ నూనె ఉంటాయి, వాటికి అలర్జీ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. నీటిలో కరిగే 25 మి.గ్రా. రకాన్ని పొట్ట చర్మం కింద చిన్న సూదితో ఎవరికి వాళ్లే వేసుకోవచ్చు. దొరికితే, ఖర్చు భరించగలిగితే నా ఓటు దానికే.

ఇంజెక్షన్ కలపాలని అనడానికి ఆధారం ఉంది. 2021లో వెలువడిన అమెరికా పరిశోధనలో, ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్‌లో రోజూ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 44 శాతం, యోని మందుకు తోడు మూడు రోజులకొక ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 46 శాతం, యోని మందు ఒక్కటే వాడినవాళ్లలో 27 శాతం ప్రసవాలు జరిగాయి. అంటే రోజూ పొడిపించుకోనక్కర్లేదు. అయితే అక్కడ యోని మందు మోతాదు రోజుకు 400 మి.గ్రా. మాత్రమే. మన దగ్గర 600 నుంచి 800 రాస్తారు కాబట్టి ఆ అంకెల్ని యథాతథంగా ఇక్కడికి అన్వయించలేం.

ఇంజెక్షన్ అస్సలు వద్దనుకుంటే, ట్రాన్స్‌ఫర్ దగ్గరపడ్డాక రక్తంలో ప్రొజెస్టిరాన్ చూడమని అడగండి. స్పెయిన్‌లో జరిగిన పరిశోధనలో రోజుకు 800 మి.గ్రా. యోని మందు వాడినవాళ్లలో దాదాపు 30 శాతం మందికి అది మిల్లీలీటరుకు 8.8 నానోగ్రాముల కన్నా తక్కువ వచ్చింది, వాళ్లలో గర్భం నిలవడమూ తగ్గింది. రిపోర్టుతో పాటు డోసు పెట్టుకున్న ఎన్ని గంటలకు రక్తం తీశారో రాసిపెట్టుకోండి, లేకపోతే అంకెకు అర్థం ఉండదు.

డుఫాస్టన్, అంటే డైడ్రోజెస్టిరాన్, 10 మి.గ్రా. రోజుకు మూడుసార్లు మింగే మాత్ర. 2017లో వచ్చిన పెద్ద పరీక్షలో ఫ్రెష్ సైకిళ్లలో 600 మి.గ్రా. యోని క్యాప్సూళ్లకు తీసిపోలేదని తేలింది. వాడటానికి అన్నిటికన్నా తేలిక. కానీ మామూలు ప్రొజెస్టిరాన్ పరీక్ష ఈ మందును పట్టుకోదు. దీని మీదే ఉన్నవాళ్లు రిపోర్టులో తక్కువ అంకె చూసి బెంబేలెత్తిపోవడం తరచూ జరుగుతుంది.

లేబుల్ విషయంలో ఇంకో జాగ్రత్త. వారానికి ఒకటి వేసే హైడ్రాక్సీప్రొజెస్టిరాన్ కాప్రోయేట్ వేరే మందు, పేరు మాత్రమే దగ్గర. నెలలు నిండకుండా ప్రసవం కాకుండా ఆపడానికి ఇచ్చే దాని బ్రాండ్‌కు అమెరికాలో 2023లో అనుమతి రద్దయింది. ఆంపుల్ విరవకముందే పేరు పూర్తిగా చదవండి.

ఏ రూపంలో తీసుకున్నా రొమ్ముల నొప్పి, ఉబ్బరం, మలబద్ధకం, నిద్రమత్తు వస్తాయి. అవి మందు లక్షణాలు, గర్భం వచ్చిందనడానికీ రాలేదనడానికీ గుర్తు కావు. గర్భం వచ్చిందో లేదో రక్తంలో చూసే బీటా పరీక్ష దాకా ఆగాల్సిందే. డోసు మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే తీసుకుని క్లినిక్‌కు చెప్పండి, రెండు కలిపి వేసుకోవద్దు. బీటా పాజిటివ్ వచ్చిందని మందు ఆపేయడం ఘోరమైన పొరపాటు. మందులతో చేసిన ఫ్రోజెన్ సైకిల్‌లో మాయ బాధ్యత తీసుకునేదాకా, మామూలుగా గర్భం 10 నుంచి 12 వారాలు నిండేవరకు కొనసాగిస్తారు. ఆదివారాలూ పండగలూ చూసుకుని కనీసం వారానికి సరిపడా మందు ఎప్పుడూ ఇంట్లో ఉంచండి, చిన్న ఊళ్లలో ఈ ఆంపుళ్లు అడిగిన పూట దొరకవు.