చీరాల దారి, మన్యం దారి

ఏడాది తేడాతో తెల్లదొరల మీద తెలుగువాళ్లు రెండు రకాలుగా తిరగబడ్డారు.

1921లో చీరాల–పేరాల జనం మున్సిపాలిటీ పన్నులు కట్టలేక, కాంగ్రెస్ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద ఊరే ఖాళీ చేశారు. ఊరి బయట పాకలు వేసుకుని దానికి రామనగర్ అని పేరు పెట్టుకుని, ఎండకూ వానకూ ఓర్చి నెలల తరబడి ఉన్నారు. దుగ్గిరాల జైలుకెళ్లాక, డబ్బు చాలక చివరికి వెనక్కి వచ్చేశారు. అంత ఓర్పు నేను మరెక్కడా చదవలేదు.

మన్యంలో అలా వెళ్లిపోవడానికి చోటేది? అడవి చట్టాలు పోడు వ్యవసాయాన్ని (చెట్లు నరికి కాల్చి చేసే సాగును) అడ్డుకున్నాయి, రోడ్డు పనుల్లో వెట్టి చాకిరీ సరేసరి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్‌పై దాడిచేసి తుపాకులు పట్టుకెళ్లాడు. ఆ తర్వాత కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. దామనపల్లి దగ్గర ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును పట్టుకుని కాల్చి చంపారు.

శాంతి, హింస అని గీత గీసి చెప్పడం నాకు నచ్చదు. తుపాకీ పట్టకముందు రాజు కూడా కల్లు మానమని, కోర్టులు వదిలి పంచాయతీలకు వెళ్లమని గిరిజనులకు చెప్పినవాడే. అవి గాంధీ సహాయ నిరాకరణ ఉద్యమం మాటలే.